ఫ్రెంచ్ స్లాంగ్ లిస్టులు తర్వాత, ముందు వాళ్లు మింగేసే ముక్కలు వినండి

ఫ్రాన్స్‌కి కొత్తగా వస్తున్న మనవాళ్లు నన్ను మొదట అడిగేది అద్దెలెంత అని. ఆ తర్వాత వెంటనే "స్లాంగ్ ఏమన్నా నేర్పు అన్నా, పుస్తకం ఫ్రెంచ్ అక్కడ ఎవడూ మాట్లాడడంట కదా" అంటారు. ఆ పిల్లల తప్పేం లేదు, ఫోన్ తెరిస్తే చాలు "ఈ 20 పదాలు వస్తే మీరు పారిస్ కుర్రాళ్లే" అని రీల్స్ మీద రీల్స్ వస్తుంటాయి, అందులో ఒకమ్మాయి నవ్వుతూ ఆడపిల్లని 'మఫ్' అంటారు, పోలీసుని 'కఫ్' అంటారు, పిచ్చని 'ఊఫ్' అంటారు అని గడగడా చెప్పేస్తుంది, మనోడు అవి నోట్స్‌లో రాసుకుని ఫ్లైటెక్కుతాడు. దిగాక వారం రోజుల్లో ఫోన్ చేస్తాడు, ఒక్క ముక్క అర్థం కావట్లేదన్నా, వీళ్లంతా స్లాంగే మాట్లాడుతున్నారు అని.

స్లాంగ్ కాదు నాయనా. వాళ్లు మాట్లాడేది మామూలు ఫ్రెంచే. నేను ఈ పోస్టులో చెప్పాలనుకున్నది ఇదే, కాస్త వివరంగా చెప్తా.

ముందు ఓ చిన్న మాట. ఫ్రెంచ్ మాటల్ని మన లిపిలో రాయడం కష్టం, అందుకని అరసున్న కనిపించిన చోటల్లా ముక్కుతో పలకండి. వాడుకలోంచి పోయి మూలన కూర్చున్న అరసున్నకి ఇన్నాళ్లకి ఓ ఉద్యోగం దొరికింది అనుకోండి.

ఇప్పుడు ఓ వాక్యం చూడండి. నేనుండేది తులూజ్‌లో, విమానాల ఊరు కాబట్టి ఇక్కడ మన తెలుగు ఇంజనీర్లు బాగానే తగుల్తారు. ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర రోజూ వినబడే రకం వాక్యం: "షే పా, యా ప్యూ ద్ కాఫే, ఫో ద్‌మాఁదే ఆ లాక్కెయ్." తెలీదు, కాఫీ అయిపోయింది, రిసెప్షన్‌లో అడగాలి అని అర్థం. ఇది హైదరాబాద్‌లో ఎ2 (ఫ్రెంచ్ పరీక్షల్లో రెండో మెట్టు) పాసైన పిల్లాడికి వినిపిస్తే బిక్కమొహం వేస్తాడు. ఇదే వాక్యం పుస్తకంలో రాసినట్టు "జ్ న్ సే పా, ఇల్ ని యా ప్ల్యూ ద్ కాఫే, ఇల్ ఫో దమాఁదే ఆ లాక్కెయ్" అని నిదానంగా చదివితే ఠక్కున అర్థం చెప్తాడు. రెండిట్లోనూ పదాలు అవే. స్లాంగ్ పదం ఒక్కటంటే ఒక్కటి లేదు. 'జ్ న్ సే' కలిసి 'షే' అయిపోయింది, 'ఇల్' రెండుసార్లూ ఎగిరిపోయింది, కాదు అని చెప్పే 'న్' రెండుసార్లూ మాయం, 'ప్ల్యూ'లో 'ల్' కూడా పోయింది. ఇంతే జరిగింది. దీనికి మఫ్, కఫ్, ఊఫ్ ఏ సాయం చేస్తాయి చెప్పండి.

ఇలాంటివి ఓ గుప్పెడు ఉన్నాయి, రోజంతా అవే దొర్లుతుంటాయి. నేనున్నాను అనడానికి 'జ్ స్వీ' అని నేర్చుకుంటాం, వినబడేది 'ష్వీ'. 'త్యు ఆ' (నీకుంది) కాస్తా 'తా', 'త్యు ఎ' (నువ్వున్నావు) కాస్తా 'తె', 'పార్స్ క్' (ఎందుకంటే) కాస్తా 'పాస్క్', 'ప్వీ' (ఆ తర్వాత) కాస్తా 'పీ'. నీకు చెప్తున్నాగా అనే 'జ్ త్ ది' గబగబా అంటే 'ష్త్ ది'. ప్రశ్న అడగడానికి పుస్తకంలో క్రియనీ కర్తనీ తిరగేసి మధ్యలో గీత పెట్టడం నేర్పిస్తారు, బయట ఎవరూ తిరగెయ్యరు, ప్రశ్న పదాన్ని తీసుకెళ్లి చివర పడేస్తారు: 'త్యు వా ఊ?' (ఎక్కడికెళ్తున్నావ్), 'త్యు ఫె క్వా?' (ఏం చేస్తున్నావ్) అంతే. మన "నువ్వు వెళ్లేది ఎక్కడికి?" లాగా. 'నూ' అంటే మేము అని రుద్ది రుద్ది నేర్పి దానికి క్రియారూపాలు బట్టీ పట్టిస్తారు, ఇక్కడికొచ్చి చూస్తే అందరూ 'ఓఁ' అంటారు. మేం తింటాం అంటే 'ఓఁ మాఁజ్', పద వెళ్దాం అంటే 'ఓఁ ఈ వా'. పైగా 'ఓఁ' వాడితే క్రియ ఏకవచనంలో ఉంటుంది, పలకడం తేలిక. ఆ తేలికైనదాన్ని వెనక్కి నెట్టి కష్టమైనదాన్ని ముందు నేర్పడం ఏం లెక్కో నాకెప్పటికీ అర్థం కాదు.

ఆ 'న్' సంగతి కొంచెం ఆగి చూడాలి. ఫ్రెంచ్‌లో కాదు అనడానికి రెండు ముక్కలు కావాలి, క్రియకి ముందు 'న్', వెనక 'పా'. మాటల్లో ముందుది జారిపోతోంది. ఇది ఇవాళ్టి కుర్రకారు పాడుచేసిందేం కాదు. విలియం ఆష్బీ అనే భాషావేత్త తూర్ అనే ఊళ్లో జనం మాటల్ని 1976లో ఒకసారి, మళ్లీ 1995లో ఒకసారి రికార్డు చేసి లెక్కేస్తే, ఆ ఇరవై ఏళ్లలోనే 'న్' పలికే అలవాటు దాదాపు సగానికి పడిపోయింది. తమాషా ఏంటంటే తూర్ చుట్టుపక్కల వాళ్లదే అచ్చమైన ఫ్రెంచ్ అని ఫ్రాన్స్‌లో పాత పేరు. అక్కడే అలా ఉంటే మిగతా ఊళ్ల సంగతి చెప్పక్కర్లేదు. టీవీ ఇంటర్వ్యూల్లో మంత్రులు కూడా 'న్' మింగేస్తారు, కాయితం మీద మాత్రం బడిపిల్లాడు వదిలేసినా ఎర్ర ఇంకు పడుద్ది.

'న్' పోయాక వచ్చిన అసలు చిక్కు 'ప్ల్యూ' దగ్గరుంది. ఇంకా కావాలి అన్నా అదే మాట, ఇంక వద్దు అన్నా అదే మాట. రాతలో 'న్' ఉంటే వద్దని, లేకపోతే కావాలని తెలిసిపోద్ది. మాటలో ఆ 'న్' లేదు కదా, మరెలా? చివరి 'స్' పలికితే ఇంకా కావాలి, పలక్కపోతే చాలు. "జాఁ వ ప్ల్యూస్" అంటే ఇంకొంచెం వడ్డించండి, "జాఁ వ ప్ల్యూ" అంటే కడుపు నిండిపోయింది. ఎవరింటికైనా భోజనానికి వెళ్లినప్పుడు ఈ ఒక్క 'స్' మీద మీ పొట్ట ఆధారపడి ఉంటుంది. ఇది ఏ స్లాంగ్ రీల్‌లోనూ కనపడదు, ఎందుకంటే ఇందులో కూల్ ఏమీ లేదు.

ఇదంతా మనకి కొత్త కూడా కాదు. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందట పోట్లాడింది దీని గురించేగా, జనం "వస్తున్నా" అంటుంటే బళ్లో "వచ్చుచున్నాను" అని రాయించడం ఏంటని. మన దగ్గర ఆ గొడవ తెగింది, పేపర్లూ కథలూ వాడుక భాషలోకి వచ్చేశాయి. ఫ్రెంచ్‌వాళ్ల దగ్గర తెగలేదు. 1635లో రాజుగారి పెద్ద మంత్రి రిషెల్యో పెట్టిన, ఫ్రెంచ్ భాషకి పెద్దరికం చేసే అకాడమీ ఇంకా నిఘంటువు వేస్తూనే ఉంది, తొమ్మిదో ముద్రణ 2024లో గానీ పూర్తవలేదు. రాసేదొకటి, మాట్లాడేదొకటి, రెండూ ఒకే భాష అని అందరూ అనుకుంటారు, విదేశీయుడికి మాత్రం మొదటిదొక్కటే అమ్ముతారు. మన ఇంటర్‌లో మార్కులు బాగా పడతాయని సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకునే పిల్లల్ని చూడండి, వందకి తొంభై పైన తెచ్చుకుంటారు, ఒక్కరికీ 'షే పా' తెలీదు. తెలుగు నేర్చుకోడానికి వచ్చిన తెల్లాయనకి మనం ప్రబంధం ఒకటి చేతిలో పెట్టి ఆర్టీసీ బస్సెక్కించినట్టు ఉంటుంది వ్యవహారం.

కాబట్టి మొదటి రోజునుంచే మింగుడు రూపాలు చెవికి పట్టించండి అంటాను నేను. దీనికి టీచర్లు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు, ముందు శుద్ధంగా నేర్చుకోనీ, తర్వాత అదే వస్తుంది అంటారు. రాదు. రెండేళ్లు శుద్ధంగా విన్న చెవి ఇంకోటి వినడానికి ఒప్పుకోదు, 'షే పా' అనే శబ్దాన్ని కొత్త పదం అనుకుని డిక్షనరీలో వెతుకుతుంది. ఇంకో భయం, అలా మాట్లాడితే మర్యాదగా ఉండదేమో అని. ఇక్కడే మనవాళ్లు రెండు వేరే విషయాల్ని కలిపేస్తారు. ముక్కలు మింగడం అమర్యాద కాదు. డాక్టరు దగ్గర 'వూ' అని మీరు పెట్టి మాట్లాడుతూనే "ష్వీ దెజొలే, షే పా" (సారీ అండీ, తెలీదు) అనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మర్యాద ఎక్కడ చెడుద్ది అంటే పదాల దగ్గర.

పదాలకి ఇక్కడ మెట్లున్నాయి, డిక్షనరీ తెరిస్తే ఒక్కో పదం పక్కన 'ఫామ్' (చనువు మాట) అనో 'ఆర్గ్' (స్లాంగ్) అనో 'వ్యుల్గ్' (బూతు) అనో పొట్టిగా రాసుంటుంది. 'ఫామ్' అని ఉన్నవి ఇంట్లో, స్నేహితుల దగ్గర, టీ బ్రేక్‌లో అందరూ వాడేవి. ఉద్యోగాన్ని 'బూలో' అంటారు, ఇంకాస్త కుర్రగా 'తాఫ్' అంటారు, పుస్తకం 'బూకేఁ', కారు 'బాన్యోల్', బట్టలు 'ఫ్రేఁగ్', తినడం 'బుఫే', దోస్తు 'పోత్', పేరు గుర్తురాని ఏ వస్తువైనా 'త్ర్యూక్', అదీ తట్టకపోతే 'మాషేఁ'. డబ్బులకైతే మన దగ్గర పైసలు, దుడ్లు, రొక్కం ఉన్నట్టు 'ఫ్రిక్', 'త్యూన్', 'బ్లే', 'పొన్యోఁ' అని బోలెడు ఉన్నాయి, పది యూరోలని 'ది బాల్' అంటారు, ఫ్రాంకుల కాలంలోనూ అలాగే అనేవాళ్లు. ఇంకా పెద్ద పదాల తోకలు కోసేస్తారు, రెస్తో, అపార్త్, ఓర్ది, అప్రెమ్, సేఁపా. ఇవన్నీ తాతలు కూడా వాడతారు, నేర్చుకోండి, తప్పులేదు. మీ వయసేదైనా నోటికి నప్పుతాయి.

బూతు మెట్టు దగ్గర జాగ్రత్త. తులూజ్‌కి వచ్చినవాళ్లకి మొదట చెవిన పడేది 'పుతేఁ' అనే మాట, అర్థం రాస్తే మా అమ్మ ఈ పోస్టు చదవదు, ఇక్కడ మాత్రం అది కామా లాంటిది, బస్సు తప్పిపోతే పుతేఁ, బస్సు దొరికితే పుతేఁ, రగ్బీలో మనోళ్లు గెలిస్తే పొడుగ్గా సాగదీసి పుతేఁఁ. అందరూ అంటున్నారు కదా అని మీరు మొదలెట్టకండి. ఊరివాళ్ల నోట్లో అది బరువు లేకుండా వస్తుంది, కొత్తవాడి నోట్లో ఆ మాట బూతుగానే దిగుతుంది. అంతగా నోరు ఊరుకోకపోతే 'పురే' అనండి, ఆలుగడ్డ ముద్ద అని అర్థం, పెద్దవాళ్లు పిల్లల ముందు అదే అంటారు. కొంతమంది బూతు సగంలో ఆపేసి 'మెర్‌క్రెది', అంటే బుధవారం అని ముగిస్తారు. ఈ పక్కదార్లు వాడితే నవ్వుతారు తప్ప మొహం చిట్లించరు.

మెచ్చుకోలు మాటల్లో కూడా కిటుకు ఉంది. 'పా మాల్' అంటే చెడ్డగా లేదు అని కదా అర్థం, మన ఇంట్లో నాన్న కూర తిని "పర్లేదు" అంటే అమ్మకి అది మెచ్చుకోలని ఎలా తెలుసో ఇదీ అంతే, మేనేజర్ మీ రిపోర్టు చూసి పా మాల్ అన్నాడంటే బాగుందనే. అదే 'పా తెరీబ్ల్' అన్నాడంటే దారుణంగా లేదు అని సంబరపడకండి, బాలేదు అని. 'బోఫ్' అంటే ఏదోలే, అంతంతమాత్రమే అని, భుజాలెగరేసి మరీ అంటారు.

ఇక రీల్స్ హీరోల దగ్గరికొద్దాం, మఫ్, కఫ్ గ్యాంగు. వీటిని 'వేర్లాఁ' అంటారు. తిరగేసి అనే అర్థమున్న 'లాఁవేర్' అనే మాటని తిరగేస్తే వచ్చింది ఆ పేరు. ఆడమనిషిని 'ఫామ్' అంటారు, దాన్ని ఫా-మ అని విడగొట్టి తిరగేస్తే మ-ఫా, కొస తెంపితే మఫ్. పోలీసుకి వాడే 'ఫ్లిక్' ఇలాగే కఫ్ అయింది, తేడాగా ఉన్నాడు అనే 'లూష్' షలూ అయింది, తలనొప్పి మనిషి 'లూర్' రలూ అయింది, కోపమొచ్చిన 'ఎనెర్వే' వెనేర్ అయింది. మన చిన్నప్పుడు పెద్దవాళ్లకి తెలీకుండా క-భాష మాట్లాడుకున్న ఆట లాంటిదే, కాకపోతే వీళ్లది పెరిగి పెద్దదై డిక్షనరీ ఎక్కేసింది. ఇలాంటి దొంగ భాషలు ఫ్రాన్స్‌లో కొత్తకాదు, 19వ శతాబ్దంలో పారిస్‌లో, లియోఁలో మాంసం కొట్టేవాళ్లు మొదటి హల్లుని చివరికి నెట్టి ముందు 'ల' తగిలించి మాట్లాడుకునేవాళ్లు. పిచ్చి అనే 'ఫూ' నుంచి వాళ్లు చేసిన 'లుఫోక్' ఇవాళ పెద్దమనుషుల పేపర్లలో కూడా కనపడుద్ది.

వేర్లాఁ ఎక్కువగా పెరిగింది పెద్ద ఊళ్ల శివార్లలో, బాఁల్యో అంటారు, అల్జీరియా, మొరాకో, ట్యునీషియా, మాలీ నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల పిల్లలు పెరిగిన అపార్ట్‌మెంట్ల మధ్య. 'ఆరాబ్' అనే మాటని తిరగేసి వాళ్లు తమని తాము 'బర్' అనుకున్నారు. 1983లో జాతివివక్షకి వ్యతిరేకంగా మార్సేలో మొదలై పారిస్ దాకా నడిచిన యాత్రని పేపర్లు బర్ల యాత్ర అన్నాయి, డిసెంబరు 3న పారిస్ చేరింది అది. పేపర్లవాళ్లూ రాజకీయనాయకులూ ఆ మాట వాడటం మొదలెట్టగానే శివారు కుర్రాళ్లు దాన్ని మళ్లీ తిరగేసి 'రబ' చేసుకున్నారు. నాకు ఈ ముచ్చట చాలా ఇష్టం. మాటని మీరు లాక్కుంటే మేం ఇంకోటి చేసుకుంటాం అన్నట్టు ఉంటుంది. అందుకే లిస్టులో చూసి వేర్లాఁ బట్టీ పట్టడం దండగ అనేది, మీ లిస్టుకి ఎక్కేసరికి వాళ్లు దాన్ని వదిలేసి ఉంటారు, నలభై ఏళ్ల అంకుల్ 'షలూ' అంటే పదహారేళ్లవాడు కళ్లు తిప్పుతాడు.

అరబ్బీ నుంచి వచ్చినవైతే ఎన్నో. డాక్టర్‌ని 'తుబీబ్' అంటారు, అల్జీరియాలో ఉన్న ఫ్రెంచ్ సైన్యం మోసుకొచ్చిన మాట, చార్మినార్ దగ్గర యునానీ తిబ్బీ కాలేజీ చూసినవాళ్లకి ఆ 'తిబ్' (అరబ్బీలో వైద్యం) ఎక్కడిదో చెప్పక్కర్లేదు. సొంతూరిని 'బ్లెడ్' అంటారు. బాగా నచ్చింది అంటే 'కిఫే'. కడుపుమంటగా ఉంది అనడానికి 'జె ల్ సమ్', అరబ్బీలో అది విషం. ఇంకో ఆశ్చర్యం, కొట్టేయడాన్ని 'షూరే' అంటారు, అది రోమానీ భాషనుంచి వచ్చింది, రోమా జనం వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి కదిలినవాళ్లు, మన చోరీ చుట్టం అది. మెట్రోలో ఎవడో పర్సు షూరే చేశాడని కొలీగ్ ఏడుస్తుంటే నాకు మాత్రం ఇంటి మాట విన్నట్టైంది.

అయితే ఈ మాటలకి ఓ ధర ఉంది. శివారు కుర్రాడు ఇంటర్వ్యూలో 'వెష్' (ఏంటి సంగతి అనే పలకరింపు) అన్నాడంటే చదువులేనోడు అని ముద్ర వేస్తారు, యాడ్ ఏజెన్సీలో పనిచేసే తెల్లపిల్లాడు అదే మాటని పోస్టర్ మీద రాస్తే క్రియేటివ్ అంటారు. ఇది మనకి బాగా తెలిసిన కథ. ఎన్నేళ్లపాటు మన సినిమాల్లో తెలంగాణ యాసని రౌడీకీ పనివాడికీ కమెడియన్‌కీ ఇచ్చి హీరోకి మాత్రం కోస్తా భాష పెట్టారు, ఇవాళ హీరో ఆ యాసలో మాట్లాడితే చప్పట్లు. కరీంనగర్ పిల్లాడు కాలేజీలో 'గట్లనే' అంటే నవ్వినవాళ్లే ఇప్పుడు స్టేటస్‌లో పెట్టుకుంటున్నారు. కాబట్టి మనం బయటినుంచి వచ్చి ఆ పిల్లల మాటల్ని ఫ్యాషన్‌గా తగిలించుకుని తిరగడం నాకు నచ్చదు. అర్థం చేసుకోండి, ఆస్వాదించండి, మీ చుట్టూ ఉన్నవాళ్లు మీతో వాడితే మెల్లగా మీకూ వస్తాయి, వచ్చినప్పుడు వాడండి.

త్యు, వూ గొడవ మనకి సులువే అనుకుంటారు, నువ్వు, మీరు ఉన్నాయిగా అని. అక్కడే తేడా కొడుతుంది. మనం వయసు చూసి మీరు అంటాం, వీళ్లు దూరం చూసి వూ అంటారు. మా ఆఫీసులో రిటైర్మెంట్‌కి దగ్గరైన డైరెక్టర్ని కూడా అందరూ త్యు అంటారు, నాకైతే ఇప్పటికీ నాలుక తడబడుద్ది, పెద్దాయన్ని నువ్వు అనడం ఏంటని. అదే కింద ఫ్లాట్ ఇరవైరెండేళ్ల కుర్రాడిని లిఫ్ట్‌లో కలిస్తే వూ. ఎదుటివాళ్లే "ఓఁ స్ త్యుత్వా?" (మనం త్యు అనుకుందామా?) అని అడుగుతారు, అడిగేదాకా వూ మీద ఉండటమే క్షేమం. ఇంకోటి, డైరెక్టర్ని త్యు అన్నంత మాత్రాన ఆయనతో వేర్లాఁ పేల్చొచ్చని కాదు, అవి రెండు వేరే గడపలు.

ఎలా నేర్చుకోవాలి అంటే నా దగ్గర పెద్ద పద్ధతేం లేదు. సీరియల్స్ చూడండి, కానీ ఫ్రెంచ్ సబ్‌టైటిల్స్‌ని నమ్మొద్దు, నటుడు 'షే పా' అంటే కింద చాలాసార్లు మింగిన ముక్కలన్నీ తిరిగి అతికించి శుభ్రంగా రాస్తారు, ఆ తేడాని పట్టుకోవడమే మంచి కసరత్తు. రేడియోలో వార్తలు కాదు, శ్రోతలు ఫోన్ చేసి తిట్టుకునే కార్యక్రమాలు వినండి. కొలీగ్స్ వాట్సాప్ గ్రూపులో ఉండండి, నవ్వొస్తే 'ఎం డి ఆర్' అని మూడక్షరాలు, కంగారుపడకు అనే 'తేఁక్యెత్' కి 'టి కె టి' అని మూడక్షరాలు, ఇవి చూసి చూసి పట్టుబడతాయి. మాటల మధ్య నింపుడు ముక్కలు ముందు పట్టుకోండి: 'ద్యు కూ', 'బాఁ', 'జాఁర్', 'ఆఁఫేఁ', వాక్యం చివర 'క్వా'. మన "అంటే", "మరి", "కదా" లాంటివి. ఒక మీటింగ్‌లో 'ద్యు కూ' ఎన్నిసార్లు వస్తుందో వేళ్లమీద లెక్కపెట్టడం మొదలెడితే వేళ్లు చాలవు. పెదాలు దాటకముందు అనుమానం వస్తే పక్కనున్న ఫ్రెంచ్ మనిషిని "ఇది మా బాస్‌తో అనొచ్చా?" అని అడగండి, అంతకంటే మంచి డిక్షనరీ లేదు.

ఊరిని బట్టి కూడా మారుద్ది, తులూజ్‌లో చాక్లెట్ బన్ను 'షొకొలాతీన్', పారిస్ పేరుతో అడిగితే బేకరీ ఆవిడ ఇస్తుంది గానీ ఓ చూపు చూస్తుంది. మార్సేలో ఎవరూ లేరు అనడానికి 'దెగేఁ' అంటారు. కెనడా క్యుబెక్‌కి వెళ్లేవాళ్లకైతే ఈ పోస్టులో సగం పనికిరాదు, అక్కడ తిట్లు కూడా చర్చి సామాన్ల పేర్లే.

పరీక్షల గురించి అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తా. 2026 జనవరి నుంచి పౌరసత్వానికి బి2 అడుగుతున్నారు, కొన్నేళ్లు ఇక్కడ ఉండనిచ్చే నివాస కార్డుకి ఎ2, పదేళ్ల కార్డుకి బి1. ఓరల్‌లో 'ఓఁ' వాడినా, ఒకటి రెండుసార్లు 'న్' జారినా కొంపలేం మునగవు, కానీ రాతలో ప్రతి 'న్' తన చోట ఉండాలి, 'నూ' రాయాలి, ఫార్మల్ లెటర్ చివర "వయ్యే అగ్రేయే, మాదామ్, మెస్యొ" అని మొదలయ్యే ఆ రెండు లైన్ల దండకం అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టుకుని వెళ్లండి. రాతలో చూసేది ఇలాంటి పద్ధతే.